సూపర్‌ఏజెంట్ చైన్‌లో రిక్వెస్ట్ ఎక్కడ చిక్కుకుంది? సమస్య - పరిష్కారం

నోడ్ జేఎస్‌లోనూ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే సాధనం) బ్రౌజర్‌లోనూ ఒకే తీరుగా రాసుకోగల, సర్వర్‌కు రిక్వెస్ట్ పంపి జవాబు తెచ్చే హెచ్‌టీటీపీ లైబ్రరీ సూపర్‌ఏజెంట్. ఇదే పని చేసే ఫెచ్ అనే సొంత సదుపాయం రెండు చోట్లా వచ్చేశాక కొత్త ప్రాజెక్టుకు దీన్నే పట్టుకోవాల్సిన పని లేదు. కానీ పాత కోడ్‌ను నెట్టుకొస్తున్న టీములకు ఇది తప్పదు. సూపర్‌టెస్ట్‌తో ఏపీఐ టెస్టులు రాసేవాళ్లకూ తప్పదు, ఎందుకంటే దాని లోపల నడిచేది ఇదే. గెట్ అని మొదలుపెట్టి, చుక్క పెట్టి సెట్, చుక్క పెట్టి క్వెరీ, చుక్క పెట్టి టైమౌట్ అంటూ ఒక గొలుసులా (చైన్) రాసుకుంటూ పోతే కోడ్ చదవడానికి హాయిగా ఉంటుంది. చిక్కు కూడా అక్కడే. అన్నీ ఒకే వాక్యంలా కనిపిస్తాయి గానీ అన్నీ ఒకే సమయంలో పనిచేయవు.

అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు తేల్చుకోవాల్సింది రిక్వెస్ట్ అసలు బయటికి వెళ్లిందా లేదా అన్నది. బ్రౌజర్‌లో అయితే నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే తెలిసిపోతుంది. నోడ్‌లో డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు సూపర్‌ఏజెంట్ అని విలువ ఇచ్చి ప్రోగ్రామ్ నడిపితే లోపల ఏం జరుగుతోందో టెర్మినల్‌లో పడుతుంది. ఈ రెండు నిమిషాల పని చేయకుండా హెడర్లు (రిక్వెస్ట్‌తో వెళ్లే అదనపు వివరాలు) మార్చి మార్చి చూసేవాళ్లే ఎక్కువ.

రిక్వెస్ట్ వెళ్లలేదు, ఎర్రర్ కూడా రాలేదు

పోస్ట్ (డేటాను సర్వర్‌కు ఇచ్చే రిక్వెస్ట్), సెట్, సెండ్ అన్నీ రాశారు. ప్రోగ్రామ్ ప్రశాంతంగా ముగిసింది. సర్వర్ లాగ్‌లో మాత్రం ఏమీ లేదు. కారణం ఏమిటంటే, చైన్‌లోని మెథడ్లన్నీ రిక్వెస్ట్‌ను తయారు చేస్తాయంతే. దాన్ని పంపేది అవెయిట్ గానీ, దెన్ గానీ, పాత పద్ధతిలో ఎండ్ గానీ. ఉత్తరం రాసి కవర్ మీద అడ్రస్ కూడా రాసి, పోస్టు డబ్బాలో వేయడం మర్చిపోయినట్టన్నమాట. ఇందులో సెండ్ అనే పేరు కూడా మోసం చేస్తుంది. అది పంపదు, పంపాల్సిన డేటాను అప్పజెబుతుందంతే.

చైన్ ముందు అవెయిట్ పెడితే సరిపోతుంది. "ఫలితంతో నాకు పని లేదు, వెళ్తే చాలు" అనుకునే లాగింగ్ కాల్స్‌లోనే ఈ తప్పు ఎక్కువ దొర్లుతుంది. ఫలితం వాడరు కాబట్టి అవెయిట్ గుర్తురాదు. మామూలు ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితానికి జావాస్క్రిప్ట్ ఇచ్చే హామీ) అయితే అవెయిట్ లేకపోయినా పని మొదలైపోతుంది. ఆ అలవాటుతో ఇక్కడికి వస్తే దెబ్బ తింటారు.

వద్దన్నా ముందే వెళ్లిపోతోంది

పై సమస్యకు ఇది తలకిందులు. ఇది దొరకడానికి ఇంకా కష్టం. టోకెన్ (మనమెవరో సర్వర్‌కు చెప్పే గుర్తు) తెచ్చి, దాన్ని హెడర్‌లో పెట్టి, సగం తయారైన చైన్‌ను తిరిగి ఇచ్చే అసింక్ ఫంక్షన్ ఒకటి రాసుకుంటారు. దాన్ని అవెయిట్ చేసి, వచ్చినదానికి క్వెరీ జోడించబోతే "క్వెరీ ఈజ్ నాట్ ఏ ఫంక్షన్" అని వస్తుంది. ఎందుకంటే చేతికి వచ్చింది రిక్వెస్ట్ కాదు, అప్పటికే వచ్చేసిన రెస్పాన్స్.

సూపర్‌ఏజెంట్ రిక్వెస్ట్‌కు దెన్ అనే మెథడ్ ఉంది. అసింక్ ఫంక్షన్ నుంచి దెన్ ఉన్న ఏ ఆబ్జెక్ట్‌ను రిటర్న్ చేసినా, జావాస్క్రిప్ట్ దాన్ని ప్రామిస్‌గానే లెక్కేసి ఆ దెన్‌ను పిలిచేస్తుంది. పిలిస్తే రిక్వెస్ట్ వెళ్లిపోయినట్టే. ఇది లైబ్రరీ లోపం కాదు, భాష నియమం. దీనికి రెండు దారులున్నాయి. ఫంక్షన్ నుంచి రిక్వెస్ట్‌ను నేరుగా ఇవ్వకుండా, ఒక ఆబ్జెక్ట్‌లో ఫీల్డ్‌గా పెట్టి ఇవ్వండి. లేదంటే టోకెన్‌ను మాత్రం అసింక్‌గా తెచ్చుకుని, చైన్ కట్టే ఫంక్షన్‌ను మామూలు ఫంక్షన్‌గా ఉంచండి. రెండోదే మేలు, చదివేవాళ్లకు అనుమానం రాదు.

రెండో పేజీ అడిగితే మొదటి పేజీయే వస్తోంది

బేస్ అని ఒక చైన్‌ను వేరియబుల్‌లో దాచుకుని, దానికే ఒకసారి పేజీ 1, ఇంకోసారి పేజీ 2 అని క్వెరీ తగిలించారనుకోండి. ప్రతి మెథడూ కొత్త రిక్వెస్ట్‌ను ఇస్తుందని మన భ్రమ. నిజానికి అన్నీ ఆ పాత ఆబ్జెక్ట్‌నే మార్చి, దాన్నే తిరిగి ఇస్తాయి. పైగా ఒకసారి దెన్ నడిచాక ఆ ప్రామిస్ లోపల దాచి ఉంటుంది. మళ్లీ అవెయిట్ చేస్తే పాత జవాబే వస్తుంది. ఒక చైన్ ఒక్క రిక్వెస్ట్‌కే. ఉమ్మడి హెడర్లు, కుకీలు కావాలంటే ఏజెంట్ అనే సదుపాయం ఉంది. దానికి సెట్ చేసిన విలువలు దాని నుంచి పుట్టే ప్రతి రిక్వెస్ట్‌కూ అందుతాయి.

ఒకే ఆర్డర్ రెండుసార్లు పడింది

కన్సోల్‌లో హెచ్చరిక ఉందేమో చూడండి. ఎండ్, దెన్ రెండూ వాడితే రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లిందని సూపర్‌ఏజెంటే చెబుతుంది. కాల్‌బ్యాక్ కోడ్‌ను అసింక్‌లోకి మార్చేటప్పుడు పాత ఎండ్ మిగిలిపోతే ఇలా అవుతుంది. దాన్ని తీసేయండి.

హెచ్చరిక లేకపోతే అనుమానించాల్సింది, విఫలమైతే మళ్లీ పంపే రీట్రై మెథడ్‌ని. దానికి 3 అని ఇస్తే కనెక్షన్ తెగినా, టైమౌట్ అయినా, 429, 500, 502, 503, 504 లాంటి స్టేటస్‌లు (సర్వర్ జవాబుతో పాటు ఇచ్చే ఫలితం అంకెలు) వచ్చినా మళ్లీ ప్రయత్నిస్తుంది. సర్వర్ ఆర్డర్ రాసేసుకుని, జవాబు ఇచ్చేలోపు కనెక్షన్ తెగిందనుకోండి. మన వైపు నుంచి అది ఫెయిలే, కాబట్టి రెండో ఆర్డర్ వెళ్తుంది. ఎన్నిసార్లు పంపినా ఫలితం మారని రిక్వెస్టులకే రీట్రై పెట్టాలని లైబ్రరీ డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది. డబ్బుతో ముడిపడిన పోస్ట్ మీద రీట్రై కనిపిస్తే నేనైతే కోడ్ రివ్యూలో అక్కడే ఆపేస్తాను. తప్పదంటే, ప్రతి ఆర్డర్‌కూ ఒక ప్రత్యేకమైన ఐడీ పంపి, అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ పట్టించుకోకుండా చూడాలి. ఇంకో సంగతి, రెండు ప్రయత్నాల మధ్య ఇది ఆగదు. 429 ఇచ్చి "కాస్త ఆగు" అన్న సర్వర్‌ను వెంటనే మళ్లీ తట్టడం వల్ల లాభం లేదు. ఆ విరామం మనమే రాసుకోవాలి.

బ్రౌజర్‌లో పోస్ట్ కంటే ముందు ఆప్షన్స్ అని ఒకటి కనిపిస్తే టెన్షన్ పడకండి. అది డూప్లికేట్ కాదు, వేరే డొమైన్‌కు జేసన్ (డేటాను వచనంగా రాసే పద్ధతి) పంపే ముందు బ్రౌజర్ అడిగే అనుమతి.

పోస్ట్ పంపితే సర్వర్‌కు గెట్‌గా చేరుతోంది

యూఆర్ఎల్‌లో హెచ్‌టీటీపీఎస్ బదులు హెచ్‌టీటీపీ అని ఉందా? చివర ఉండాల్సిన స్లాష్ లేదా? సర్వర్ 301 గానీ 302 గానీ ఇచ్చి సరైన చిరునామాకు మళ్లిస్తుంది. నోడ్‌లో సూపర్‌ఏజెంట్ మామూలుగా 5 మళ్లింపుల దాకా మారు మాట్లాడకుండా వెళ్తుంది. అయితే 301, 302, 303లలో రిక్వెస్ట్ రకం (హెచ్‌టీటీపీ మెథడ్) గెట్ అయిపోతుంది, డేటా రాలిపోతుంది. బ్రౌజర్లు ఎప్పటినుంచో చేస్తున్నదీ ఇదే. మెథడ్‌నూ డేటానూ అలాగే ఉంచేవి 307, 308.

రీడైరెక్ట్స్ మెథడ్‌కు 0 ఇచ్చి ఒకసారి నడపండి. ఎర్రర్‌లో 301 కనిపిస్తే కారణం ఖాయం. అప్పుడు లొకేషన్ హెడర్‌లో ఉన్న చిరునామానే కోడ్‌లో రాసుకోండి. మళ్లింపు వేరే హోస్ట్‌కు అయితే ఆథరైజేషన్ హెడర్‌ను కూడా లైబ్రరీ తీసేస్తుంది. భద్రత కోసం అది సబబే. టోకెన్ సరిగ్గా ఉన్నా 401 (మీరెవరో తెలియదు) వస్తుంటే ఇది కూడా చూడాలి.

డేటా వెళ్లింది, కానీ సర్వర్ చదవలేకపోతోంది

సెండ్‌కు ఆబ్జెక్ట్ ఇస్తే జేసన్‌గా వెళ్తుంది. స్ట్రింగ్ ఇస్తే, టైప్ ముందే చెప్పకపోతే, ఫామ్ డేటాగా వెళ్తుంది. పాత అలవాటుతో జేసన్ స్ట్రింగిఫై చేసి (ముందే స్ట్రింగ్‌గా మార్చి) ఇచ్చారో, సర్వర్ ఆ మొత్తం జేసన్‌నే ఒక ఫీల్డ్ పేరు అనుకుంటుంది. ఆబ్జెక్ట్‌నే ఇవ్వండి.

ఫైలు పంపేటప్పుడు అటాచ్, ఫీల్డ్ వాడితే సెండ్ వాడకూడదు. వాడితే ఎర్రర్ స్పష్టంగానే వస్తుంది. అసలు ప్రమాదం కంటెంట్ టైప్‌ను చేత్తో మల్టీపార్ట్ అని పెట్టడంలో ఉంది. భాగాలను వేరుచేసే బౌండరీ అనే గుర్తు ఆ హెడర్‌లోనే ఉండాలి, దాన్ని లైబ్రరీయే తయారు చేయాలి. మీరు రాసిన ఆ ఒక్క లైనూ తీసేస్తే చాలు.

తెలుగు వచనం పంపేవాళ్లకు ప్రత్యేకంగా రెండు గండాలున్నాయి. మొదటిది కంటెంట్ లెంగ్త్‌ను స్ట్రింగ్ పొడవుతో మనమే లెక్కగట్టడం. "తెలుగు" అనే మాటకు జావాస్క్రిప్ట్ చెప్పే పొడవు 6. యూటీఎఫ్-8లో అది 18 బైట్లు. ఇంగ్లిష్ డేటాతో అన్ని టెస్టులూ పాసవుతాయి, తెలుగు పేరున్న కస్టమర్ రాగానే జేసన్ మధ్యలో తెగిపోతుంది. ఆ హెడర్‌ను ముట్టుకోకుండా లైబ్రరీకే వదిలేయండి. రెండోది క్వెరీలో రెండుసార్లు ఎన్‌కోడ్ చేయడం. క్వెరీకి ఆబ్జెక్ట్ ఇస్తే ఎన్‌కోడింగ్ అదే చూసుకుంటుంది. మనం ముందే ఎన్‌కోడ్ చేసి ఇస్తే శాతం గుర్తును మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. సర్వర్ లాగ్‌లో %25 వరుసగా కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం.

200 వచ్చింది, బాడీ ఖాళీ

బాడీ నిండాలంటే రెస్పాన్స్ కంటెంట్ టైప్ లైబ్రరీకి అర్థమయ్యేది కావాలి. పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే టైప్ టెక్స్ట్ హెచ్‌టీఎంఎల్. లోపల చక్కటి జేసన్ ఉన్నా హెడర్ మార్చకపోతే బాడీ ఖాళీగా వస్తుంది. అసలు వచనం టెక్స్ట్ అనే ఫీల్డ్‌లో ఉంటుంది. సర్వర్ మన చేతిలో ఉంటే హెడర్ సరిచేయండి. లేకపోతే ఆ టెక్స్ట్‌నే జేసన్ పార్స్ చేసుకోండి.

హెడర్ సరిగ్గానే ఉండి పార్స్ ఎర్రర్ వస్తే, ఎర్రర్ ఆబ్జెక్ట్‌లో రా రెస్పాన్స్‌ను ప్రింట్ చేయండి. జేసన్‌కు ముందు ఏదో సర్వర్ వార్నింగ్ అతుక్కుని ఉండొచ్చు.

404కే ప్రోగ్రామ్ పడిపోతోంది

ఫెచ్ నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త. ఫెచ్‌కు 404 (అడిగింది దొరకలేదు) కూడా మామూలు జవాబే. సూపర్‌ఏజెంట్‌కు మాత్రం 4, 5తో మొదలయ్యే స్టేటస్‌లన్నీ ఎర్రర్లే. సర్వర్ పంపిన వివరం క్యాచ్‌లో, ఎర్రర్‌లోని రెస్పాన్స్ అనే ఫీల్డ్‌లో భద్రంగా ఉంటుంది. "లేదు" అనేది మీకు సాధారణ జవాబే అయితే, చైన్‌లో ఓకే అనే మెథడ్ పెట్టి ఏ స్టేటస్‌ను విజయంగా లెక్కించాలో మీరే చెప్పొచ్చు. కేవలం 404ను మినహాయించండి. అన్నింటికీ ట్రూ ఇచ్చేసే కోడ్ 500ను కూడా మింగేస్తుంది.

స్టేటస్ కూడా లేని ఎర్రర్లు

బ్రౌజర్‌లో స్టేటస్ లేకుండా "రిక్వెస్ట్ హ్యాజ్ బీన్ టెర్మినేటెడ్" అని వచ్చి, అదే కాల్ పోస్ట్‌మ్యాన్‌లో (రిక్వెస్టులు పరీక్షించే యాప్) పనిచేస్తుంటే, అది దాదాపుగా సీఓఆర్ఎస్ (వేరే డొమైన్‌కు వెళ్లే రిక్వెస్టులకు బ్రౌజర్ అడిగే అనుమతి) సమస్యే. మన చైన్‌లో ఏం మార్చినా పోదు, సర్వర్ అనుమతి ఇవ్వాలి. కుకీలు కూడా వెళ్లాలంటే మన వైపు విత్ క్రెడెన్షియల్స్ ఉండాలి. సర్వర్ వైపు నక్షత్రం గుర్తు బదులు మన డొమైన్ పేరే ఉండాలి.

నోడ్‌లో లోకల్‌హోస్ట్‌కు కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే, మెసేజ్‌లో ::1 (లోకల్‌హోస్ట్‌కు ఐపీవీ6 అడ్రస్) ఉందేమో చూడండి. నోడ్ 17 నుంచి పేరుకు దొరికిన అడ్రస్‌లను వచ్చిన వరుసలోనే వాడుతుంది, దాంతో ఐపీవీ6 ముందు పడొచ్చు. సర్వర్ ఐపీవీ4 మీద మాత్రమే వింటుంటే నోడ్ 17 నుంచి 19 దాకా తలుపు మూసే ఉంటుంది. లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 అని రాస్తే పని అవుతుంది.

ఎంతకీ జవాబు రాక ప్రోగ్రామ్ వేలాడుతుంటే, మీరు టైమౌట్ పెట్టలేదన్నమాట. దానంతట అది ఏ గడువూ పెట్టుకోదు. ముఖ్యమైన గడువులు రెండు. రెస్పాన్స్ అంటే మొదటి బైట్ రావడానికి ఇచ్చే సమయం, డెడ్‌లైన్ అంటే మళ్లింపులు, డౌన్‌లోడ్‌తో సహా మొత్తానికి ఇచ్చే సమయం. ఒక్క అంకె ఇస్తే అది డెడ్‌లైన్ అవుతుంది. పెద్ద ఫైళ్లు సగంలో తెగిపోతున్నాయంటే కారణం సాధారణంగా ఆ ఒక్క అంకే. రెస్పాన్స్‌కు 5,000 మిల్లీసెకన్లు, డెడ్‌లైన్‌కు 60,000 ఇచ్చి మొదలుపెట్టి, మీ సర్వర్ వేగాన్ని బట్టి మార్చుకోండి.