దంతం పిడి ఉన్న బాకుకి చింతపండు తగలనివ్వకండి

కార్వేటినగరం, పుంగనూరు వైపు పాత ఇళ్లలో తాతల నాటి బాకులు, కత్తులు, భరిణెలు ఇంకా కనిపిస్తాయి. పండగొస్తే ఇత్తడి సామాన్లతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమేస్తుంటారు. పిడి ఏనుగు దంతమైతే దయచేసి ఆ పని చేయకండి. పులుపు దంతాన్ని తినేస్తుంది. నీళ్లలో నానితే ఉబ్బుతుంది, ఆరాక పగుళ్లిస్తుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, ఎండ పడని చోట పెడితే చాలు. పసుపు రంగుకి తిరగడం వయసు లక్షణం, తెల్లగా చేయాలని చూడొద్దు.

అసలు దంతమా, ఎముకా? పిడి చివర, అడ్డంగా కోసిన వైపు భూతద్దం పెట్టి చూడండి. వల అల్లినట్టు ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలుంటే దంతం. చిన్న నల్ల చుక్కలుంటే ఎముక. కాల్చిన సూది గుచ్చి చూడమంటారు కొందరు, వద్దు, ఆ మచ్చ ఇక పోదు.

ఎంత పాతదైనా సరే, దంతం వస్తువు అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వారసత్వంగా చేతికొస్తే 90 రోజుల్లోపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. ముందు తిరుపతిలోనో చిత్తూరులోనో అటవీశాఖ ఆఫీసుకెళ్లి అడగండి.