రాయమంటే పేచీ, రాస్తే తప్పులు: ఇంటి చదువులో రాతకు మరమ్మతు

అడిగితే పావుగంట ఆపకుండా కథ చెప్పే పిల్ల, అదే కథ రాయమనగానే పెన్సిల్ చెక్కుకోవడానికి లేస్తుంది. చెక్కుకొచ్చాక దాహం వేస్తుంది. చివరికి రెండు లైన్లు పడతాయి, వాటిలో నాలుగు తప్పులు. పిల్లల్ని ఇంట్లోనే చదివించే వాళ్లకు ఇది రోజూ ఉండేదే. మనం దీనికి చటుక్కున "బద్ధకం" అని పేరు పెట్టేస్తాం. నేనూ పెట్టాను, మా అబ్బాయికి, దాదాపు ఏడాదిపాటు. ఆ ఏడాది వాడి రాత ఏమీ బాగుపడలేదు, మా ఇద్దరి మధ్య మాటలు మాత్రం చెడ్డాయి.

రాయడం చూడ్డానికి ఒక పనే గానీ నిజానికి మూడు. ఏం చెప్పాలో అనుకోవాలి. ఆ మాటకు ఏ అక్షరాలో గుర్తు తెచ్చుకోవాలి. వాటిని చేత్తో కాగితం మీద పెట్టాలి. మనకు చివరి రెండూ వాటంతట అవే జరిగిపోతాయి కాబట్టి మొదటిదాని మీదే దృష్టి ఉంటుంది. పిల్లలు మూడింటినీ ఒకేసారి మోయాలి. ఒకటి బరువైతే మిగతా రెండూ జారిపోతాయి. కాబట్టి "రాత బాగాలేదు" అన్నది రోగం పేరు కాదు. జ్వరం లాంటిది, కారణం వెతకాలి.

ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

మూడు రోజులు, రోజుకు పది నిమిషాలు చాలు. మొదటి రోజు ఏదైనా జరిగిన విషయం చెప్పమని, చెప్పింది చెప్పినట్టు మీరే రాయండి. రెండో రోజు ఆ కాగితం ఎదురుగా పెట్టి నాలుగు వాక్యాలు చూసి రాయమనండి. మూడో రోజు అందులోంచే ఎనిమిది మాటలు తీసుకుని, అట్టముక్కల మీద రాసిన అక్షరాలతో పేర్చమనండి. పెన్సిల్ వద్దు. తెలుగుకైతే గుణింతం, ఒత్తు కలిసిన పూర్తి అక్షరాన్నే ఒక ముక్క మీద రాయండి, పక్కనే దాని చుట్టాలను కూడా పెట్టండి: డి, డీ, డ్డి ఇలా. ఏరుకోవడంలోనే తెలిసిపోతుంది.

చెప్పడంలోనే తడబడితే తేడా ఆలోచనలోనో మాటల్లోనో ఉంది. చూసి రాసేటప్పుడే అలిసిపోతే చేతిలో. పేర్చడంలో తప్పులొస్తే స్పెల్లింగ్‌లో. మూడూ విడివిడిగా బాగానే చేసి, కలిపి చేయమంటే కూలబడితే బరువు ఎక్కువైందని అర్థం. మా వాడిది చివరిది, కొంచెం చెయ్యి కూడా.

లక్షణం: మూడు లైన్లకే చెయ్యి నొప్పి అంటున్నారు

కాగితం వెనక్కి తిప్పి వేలితో తడమండి. అక్షరాలు గట్లుగట్లుగా తగిలితే చాలా గట్టిగా నొక్కుతున్నారన్నమాట. వేళ్లు తెల్లబడటం, బొటనవేలు పెన్సిల్‌ను చుట్టేసుకోవడం, రాస్తూ రాస్తూ తల బల్ల మీదికి వాలిపోవడం కూడా చేతి వైపే చూపిస్తాయి.

కూర్చునే తీరు ముందు సరిచేయండి. చాలాసార్లు తప్పు కుర్చీదే. పాదాలు నేలకు ఆనాలి, అందకపోతే కింద పీట వేయండి. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. పొడుగు పెన్సిల్ కంటే పొట్టి ముక్క వేళ్లలో బాగా ఇముడుతుంది. గోడకు బోర్డు కట్టి నిలబడి రాయిస్తే మణికట్టు, భుజం రెండూ గట్టిపడతాయి. మూడు వేళ్లతోనే పట్టుకోవాలన్న పంతం మాత్రం అక్కర్లేదు. నాలుగు వేళ్ల పట్టుతో హాయిగా రాసేవాళ్లున్నారు. నొప్పి లేకుండా, అర్థమయ్యేలా పడుతుంటే దాన్ని వదిలేయండి.

తర్వాత అక్షరం ఎక్కడ మొదలుపెడుతున్నారో పక్కన కూర్చుని చూడండి. అయ్యాక చూస్తే తెలియదు. ఒకే అక్షరాన్ని ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి మొదలుపెట్టే పిల్లకు అది ప్రతిసారీ కొత్త బొమ్మే. వర్ణమాల వరసలో కాకుండా ఒకే ఒంపు ఉన్నవాటిని కలిపి నేర్పితే త్వరగా కుదురుతుంది: వ, ప, ష, స ఒక గుంపు. ద, ధ, థ ఇంకో గుంపు; కింద గీత ఉంటే ధ, గీతతో పాటు పొట్టలో చుక్క కూడా ఉంటే థ. రోజుకు ఐదు నిమిషాలు, టైమర్ పెట్టి. టైమర్ మోగాక "ఇంకొక్క లైను" అనకండి. ఆ ఒక్క మాటతో మర్నాటి పేచీ ఖాయం.

లక్షణం: "ఏం రాయాలో తెలీదు"

నోటితో చెప్పగలుగుతున్నారా? అయితే తెలీకపోవడం కాదు. వాక్యం మధ్యలోకి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నారు. ఒక మాట స్పెల్లింగ్ దగ్గర ఆగి, అది తేల్చుకునేసరికి మిగతా వాక్యం ఎగిరిపోయింది.

దీనికి నాకు బాగా పనిచేసింది రాతగాడిగా మారడం. పిల్ల చెబుతుంది, నేను రాస్తాను. ఇది మోసం అని కొందరంటారు. నేను ఒప్పుకోను. తన మాటలు కాగితం మీద కథగా నిలబడటం చూస్తేనే కదా రాయాలన్న ఆశ పుట్టేది! మొదటి రెండు వారాలు అంతా మీరే రాయండి, చివర తనకు నచ్చిన ఒక్క వాక్యం తను చూసి రాసుకోవాలి. ఆ తర్వాత వారం ఆఖరి వాక్యాన్ని చూడకుండా తనే రాయాలి. అటుపైన ఒక వాక్యం మీది, ఒకటి తనది. నెలలు పడుతుంది. పడనివ్వండి.

తను రాసే వాక్యానికి ఒక చిన్న పద్ధతి ఉంది. ముందు వాక్యం మొత్తం పైకి చెప్పాలి, వేళ్ల మీద మాటలు లెక్కపెట్టాలి, మళ్లీ ఒకసారి చెప్పాలి, అప్పుడు పెన్సిల్ తీసుకోవాలి. ఆరు మాటలు లెక్కపెట్టి నాలుగే రాస్తే ఏదో జారిపోయిందని వాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో చదివే పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్ల రాత చదివేది అమ్మానాన్నలే, అదీ దిద్దడానికే. దిద్దే మనిషి తప్ప చదివే మనిషి లేని చోట ఎవరికి మాత్రం రాయబుద్ధేస్తుంది? "నా జీవిత లక్ష్యం" లాంటి వ్యాసాలు పక్కన పెట్టి నిజంగా ఎవరికో అవసరమైన రాతలు ఇవ్వండి: తను కనిపెట్టిన ఆటకు నియమాలు, చెల్లెలికి నిధివేట చీటీలు, దూరంగా ఉన్న స్నేహితుడికి ఉత్తరం, తలుపు మీద "లోపలికి రావద్దు" బోర్డు. ఆ బోర్డులో తప్పున్నా అర్థమైతే దిద్దకండి, లోపలికి కూడా వెళ్లకండి.

లక్షణం: డిక్టేషన్‌లో ఒప్పు, సొంత రాతలో తప్పు

నిన్న సరిగ్గా రాసిన మాటే ఇవాళ కథలో తప్పు రాస్తే మనకు ఒళ్లు మండుతుంది. నిర్లక్ష్యం అనిపిస్తుంది. కానీ డిక్టేషన్‌లో ఒక్క పనే ఉంది, కథలో మూడున్నాయి. ఆ మాట తెలుసు, ఇంకా చేతికి అలవాటు కాలేదంతే.

నా పొరపాటు ఇక్కడే. వాడు రాస్తుండగానే పక్కనుంచి "అక్కడ దీర్ఘం", "అక్కడ ఒత్తు" అనేదాన్ని. అయ్యాక ఎర్ర పెన్నుతో ప్రతి తప్పూ చుట్టేదాన్ని. కొన్నాళ్లకు వాడి వాక్యాలు చిన్నవైపోయాయి. ఒకరోజు కారణం చెప్పాడు: "స్పెల్లింగ్ వచ్చిన మాటలే రాస్తున్నానమ్మా." తప్పులు తగ్గాయని నేను అనుకున్న నెల అదే.

ఇప్పుడు మొదటి ప్రతిలో స్పెల్లింగ్ గురించి నోరెత్తను. అనుమానం వచ్చిన మాట కింద తనే గీత గీసి ముందుకెళ్లాలి. దిద్దడం మర్నాడు, అప్పుడు కూడా ఒకే రకం తప్పు. ఈ వారం ఒత్తులైతే ఒత్తులే, మిగతావి కనబడనట్టే. గీత గీసిన మాటల్లో నిజంగా తప్పున్నవి ఎన్నో చూడండి. తప్పు ఎక్కడుందో పసిగట్టగలుగుతుంటే సగం పని అయినట్టే.

లక్షణం: ఏ మాట రాసినా తప్పే

ఇక్కడ తొందరపడి పదాల జాబితా ఇవ్వకండి. ఒక పేజీలో తప్పులన్నీ వేరే కాగితం మీదికి ఎక్కించి రకాలుగా విడదీయండి. తప్పులు ఊరికే రావు, వాటికీ ఒక దారి ఉంటుంది.

తెలుగులో ముందుగా కనబడేవి ఒత్తులు, దీర్ఘాలు. "గడ్డి" అని చెప్పి "గడి" అని రాస్తే చాలావరకు అది చెవికి సంబంధించింది. గడి, గడ్డి అని నెమ్మదిగా పలికించండి. రెండోదాంట్లో నాలుక ఒక్క క్షణం పైనే ఆగుతుంది. ఆ ఆగడమే ఒత్తు. గుడి, గుడ్డి, కల, కల్ల ఇలా జంటలు చెబుతూ ఆగినచోట బల్ల మీద తట్టమనండి. దీర్ఘానికి తట్టడం కాదు, చెయ్యి చాచడం. పలక, పాలకం అంటే చేతికి తేడా తెలియాలి. నోట్లో తేడా దొరక్కుండా రాతలో దొరకదు.

ఒత్తు ఉందని తెలిసీ వేరేది రాస్తే అది కంటి సంగతి. త, న, మ, య, ర, ల లాంటి వాటి ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. వాటిని విడిగా నేర్పాలి. మూడో రకం, చెవికీ దొరకనివి. మామూలు మాటల్లో శ, ష, స చాలామంది ఒకేలా పలుకుతారు. అర్థం, అర్ధం కూడా అంతే. మొదటిది భావం, రెండోది సగం. కృషి కాస్తా "క్రుషి" అవుతుంది. ఇలాంటివి "సరిగ్గా విను" అంటే రావు. కుటుంబాలుగా గుర్తుపెట్టించాలి: అర్థం వస్తే అర్థవంతం, నిరర్థకం, అపార్థం అన్నీ వస్తాయి.

ఇంగ్లీషు దారి వేరు. సుమారు 44 ధ్వనులకు 26 అక్షరాలే, పైగా పలకని అక్షరాలు. మాట వినగానే ఎన్ని ధ్వనులున్నాయో విడదీయలేక మధ్యలో హల్లు ఎగరగొట్టే పిల్లకు ధ్వనులు లెక్కపెట్టడం నేర్పాలి, ధ్వనికో గవ్వ ముందుకు జరుపుతూ. ధ్వనులన్నీ పట్టుకుని తప్పుడు అక్షరాలు రాస్తే నిజానికి మంచి స్థితిలో ఉన్నట్టు. వాళ్లకు కావాల్సింది మాటల చుట్టరికాలు. "సైన్"లో జీ ఎందుకని అడిగితే "సిగ్నల్", "సిగ్నేచర్" చూపించండి, అక్కడ జీ పలుకుతుంది. "డెట్" (debt, అప్పు)లో బీకి ఒక కథ ఉంది. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు బీ లేదు, లాటిన్ "డెబిటమ్"లో ఉంది కదా అని తర్వాత పండితులు తెచ్చి అతికించారు. "ఐలాండ్"లో ఎస్ మరీ అన్యాయం. అది పాత ఇంగ్లీషు మాట, పోలిక చూసి "ఐల్" (isle) అనే వేరే మాట నుంచి ఎస్ తగిలించారు. మా వాడు ఈ రెండు మాటలూ మళ్లీ తప్పు రాయలేదు. పెద్దవాళ్లు చేసిన పొరపాటు అంటే పిల్లలకు అంత ఇష్టం.

ఇంపొజిషన్ గురించి

పదిసార్లు రాయిస్తే వస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. పిల్లలు పదిసార్లు ఎలా రాస్తారో గమనించండి. మొదటి అక్షరం పైనుంచి కిందికి పదిసార్లు, తర్వాత రెండో అక్షరం పదిసార్లు! మాట ఒక్కసారి కూడా బుర్రలోకి వెళ్లదు.

దాని బదులు మాట చూడాలి, పలకాలి, ఎక్కడ చిక్కుందో వేలు పెట్టి చూపాలి, మూసేయాలి, రాయాలి, తెరిచి సరిచూసుకోవాలి. సరిచూసుకునేది పిల్లే, మీరు కాదు. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి. మర్చిపోవడం ఎలా జరుగుతుందో తన మీదే ప్రయోగాలు చేసుకున్న ఎబింగ్‌హాస్ 1885లోనే ఈ సంగతి రాశాడు: ఒకే దెబ్బలో రుద్దడం కంటే రోజులు విడిచి చేసిన అభ్యాసం నిలుస్తుంది. వారానికి ఐదారు మాటలు చాలు, అవి పిల్ల సొంత రాతలోంచి తీసినవై ఉండాలి.

లక్షణం: పుస్తకాలు బాగా చదువుతారు, స్పెల్లింగ్ మాత్రం రాదు

చదివేటప్పుడు మాటను గుర్తుపడితే చాలు, రాసేటప్పుడు ఏమీ లేనిచోట నుంచి తేవాలి. వేగంగా చదివేవాళ్లు మాట మధ్యలోకి చూడనే చూడరు. ఇంకా చదివిస్తే అదే వస్తుందని ఎదురుచూడకండి, పైన చెప్పిన మూసి రాసే పద్ధతే దీనికీ.

లక్షణం: మీ దగ్గరే పేచీ

వేరేవాళ్లు చెబితే రాస్తారు, మీరంటే ఏడుపు. ఇంటి చదువులో అమ్మే టీచర్, టీచరే అమ్మ. బడి అయిపోయాక పారిపోవడానికి ఇల్లు లేదు. రాత పని కొన్నాళ్లు నాన్నకో, మరో పెద్దవాళ్లకో అప్పగించండి. అలా కుదరకపోతే అదే బల్ల దగ్గర మీరూ కూర్చుని ఏదో ఒకటి రాసుకోండి, మీ కొట్టివేతలు కనబడేలా. రెండిట్లో ఏది ముందు రాస్తావని అడగండి, రాస్తావా లేదా అని కాదు. టెన్షన్ మీకే ఎక్కువగా ఉన్న రోజు రాత మానేయండి.

ఇంట్లో తేలని లక్షణాలు

ఏడేళ్ల లోపు అక్షరం తిప్పి రాయడం మామూలే. ఆ తర్వాతా పోకపోయినా, నెలల తరబడి క్రమంగా నేర్పినా ధ్వనులు విడదీయలేకపోయినా, చదవడం కూడా కష్టంగా ఉన్నా, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాగే ఉండి ఉన్నా ఆగకండి. ముందు కళ్లు, చెవులు చూపించండి. మాటిమాటికీ చెవి ఇన్‌ఫెక్షన్ వచ్చే పిల్లలకు ధ్వనులు మసకగా వినిపించొచ్చు. అవి బాగుంటే డిస్‌లెక్సియా (చదవడం, స్పెల్లింగ్ కష్టమయ్యే ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్నాయేమో స్పెషల్ ఎడ్యుకేటర్‌తోనో సైకాలజిస్ట్‌తోనో పరీక్ష చేయించాలి. చెయ్యే ప్రధాన ఇబ్బంది అయితే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. ఇవి తెలివికి సంబంధించినవి కావు, అద్దాలతో పోయేవీ కావు. తేలితే టైపింగ్, చెబితే రాసే ఫోన్ సదుపాయం మొహమాటం లేకుండా వాడనివ్వండి.

వెళ్లేటప్పుడు నోటుపుస్తకాలు తీసుకెళ్లండి, ఆరు నెలల కిందటివి, ఇప్పటివి. మీరు దిద్ది నీటుగా మళ్లీ రాయించినవి కాదు. తప్పులు తప్పులుగానే ఉన్నవి.