గైడ్ లేకుండా గోల్కొండ – 4వ పాఠం: చప్పట్లు ఎందుకు వినపడలేదు?

ఈ వారం మెట్లు ఎక్కిద్దామనుకున్నాను, కుదరలేదు. పోయిన పాఠం చివర "కింద చప్పట్లు కొట్టండి, పైన వినండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను కదా. వెళ్లొచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట: "మాకేం వినపడలేదండీ." ఒకాయనైతే ఫతే దర్వాజా దగ్గర ఆటో దిగి అక్కడే కొట్టారట, పైకి వెళ్లిన వాళ్లావిడకు ఫోన్ చేసి మరీ అడిగారట. తప్పు నాదే. ఏ ద్వారమో రాయలేదు.

ఫతే దర్వాజా బయటి ప్రాకారంలోది. ఇప్పటికీ బండ్లూ ఆటోలూ దాని కిందనుంచే పోతుంటాయి. ఏనుగులు నుదుటితో కుమ్మకుండా తలుపులకు దిగేసిన ఇనుప మేకులు రెండో పాఠంలో చూశాం. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి వేసినా, చివరికి లోపలి మనిషి తలుపు తీస్తేనే అడుగు పెట్టగలిగింది. పాపం, మేకుల తప్పేం లేదు.

మనకు కావలసింది బాలా హిసార్ ద్వారం, అంటే కొండ చుట్టూ ఉన్న లోపలి కోటది. మీరు టికెట్ కొనుక్కుని లోపలికి పోయేది అదే. తోరణం పైన తోకలు పరిచిన నెమళ్లు, యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) బొమ్మలు ఉంటాయి. ఎదురుగా అడ్డంగా నిలబడ్డ గోడను చూసి పాత గది ఏదో కూలి ఆ ముక్క మిగిలిందనుకుంటారు. కాదు. ఏనుగుకు పరుగందుకునే చోటు లేకుండా కావాలనే కట్టారు. ద్వారం దాటగానే గుమ్మటం ఉన్న మండపం వస్తుంది. కొట్టాల్సింది దాని కింద, సరిగ్గా నడుమన.

ఇక అసలు చిరాకు. అక్కడ ఎప్పుడు చూసినా పాతికమంది ఒకేసారి కొడుతుంటారు. కొట్టి, ప్రతిధ్వని వచ్చిందని సంబరపడి, వీడియో తీసుకుని వెళ్లిపోతారు. ప్రతిధ్వని మీ చెవి కోసం కాదండీ! దాదాపు 400 అడుగుల ఎత్తు కొండ మీద కాపలా ఉన్నవాడి చెవి కోసం. గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చారన్న కబురు, మనిషి మెట్లెక్కి చెప్పేలోపే పైకి చేరాలి. అంటే అది కోటకు కాలింగ్ బెల్. ఇంట్లో ఎవరూ లేకుండా బెల్ నొక్కి ఏం లాభం? పైన బారాదరి (కొండ కొసన ఉన్న తోరణాల మండపం) దగ్గర మీ మనిషి నిలబడి ఉండాల్సిందే.

నేను మా మేనల్లుణ్ని పైకి పంపాను. నేను కొట్టింది నాలుగు, వాడు రాసుకున్నది ఆరు. ఆ రెండూ నా వెనకాలే వచ్చిన స్కూలు పిల్లలవి. అప్పట్నుంచి లెక్క మార్చాను: మూడు కొట్టి, పది అంకెలు లెక్కపెట్టుకుని, ఇంకొకటి. ఇలా ఇంకెవరూ కొట్టరు కాబట్టి మనవి మనకు తెలిసిపోతాయి.

ఫోన్ చేసి "వినపడిందా?" అని మాత్రం అడగొద్దు. ఫోన్ ఆన్‌లో ఉంటే చప్పట్లు అందులోంచే వినపడతాయి. ఈ మాట నవ్వులాటకు చెప్పడం లేదు. ఇద్దరు ముగ్గురు అలాగే "భలే వినపడింది" అని రాశారు.

నా మట్టుకు నేను మామూలు రోజున, గేటు తెరవగానే వెళతాను. పైకెళ్లేవాళ్లకు దారిలో రామదాసు బందీఖానా దగ్గర ఆగాలనిపిస్తుంది. భద్రాచలం గుడి కట్టించిన గోపన్నను గోల్కొండ చివరి సుల్తాను తానాషా కాలంలో ఉంచింది అక్కడే మరి. అయినా ఈ ఒక్కరోజుకి ఆగొద్దు. కింద మనిషి ఎదురు చూస్తుంటాడు. ఆషాఢం ఆదివారాలు అసలే వద్దు. జగదాంబ మహంకాళి అమ్మవారి బోనాల డప్పుల్లో ఏ చప్పట్లూ నిలవవు. ఆ రోజుల్లో బోనాలకే వెళ్లండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

అభ్యాసం: ఇద్దరు కావాలి, ఇద్దరికీ వాచీ ఉండాలి. పైవాళ్లు ఎక్కడానికి అరగంట ఇవ్వండి. తర్వాత గుమ్మటం నడుమ ఒకసారి, మూడడుగులు పక్కకి జరిగి ఒకసారి, పూర్తిగా బయటికొచ్చి ఇంకోసారి కొట్టండి, ప్రతిసారీ టైమ్ రాసుకోండి. పైవాళ్లు విన్నది విన్నట్టు పెన్సిల్‌తో రాయాలి. ఇప్పుడు మీరు పైకెక్కండి, వాళ్లు దిగాలి, మళ్లీ మొదట్నుంచి. అవును, మోకాళ్లు నొప్పెడతాయి.

దిగేటప్పుడు గోడల్లో మట్టి గొట్టాల ముక్కలు ఎక్కడెక్కడ కనపడ్డాయో చేత్తో బొమ్మ గీసి పెట్టుకోండి, ఫొటో కాదు. వచ్చే పాఠం కొండెక్కిన నీళ్ల గురించి. ఆ బొమ్మ లేకపోతే అది అర్థం కాదు.