స్పిన్‌లోకి తడబడకుండా దిగాలంటే

నా మొదటి స్పిన్ (విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడడం) అసలు స్పిన్నే కాదు. ముక్కు వాలింది, విమానం తిరిగింది, నేను సంబరపడ్డాను. వెనుక సీటులోని శిక్షకుడు "వేగం చూడు" అన్నారు. ముల్లు పైకి పరుగెత్తుతోంది! అది స్పైరల్ డైవ్, అంటే వేగం పెరుగుతూ సుడి తిరుగుతూ దూకడం. స్పిన్‌లో రెక్కలు స్టాల్ అయి ఉంటాయి, అంటే విమానాన్ని మోసే బలం చాలావరకు కోల్పోయి ఉంటాయి కనుక ముల్లు తక్కువ వేగం దగ్గరే తచ్చాడుతుంది.

తప్పంతా రడ్డర్ (కాలితో నడిపే, ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) తొక్కిన వేళలో ఉంది. స్పిన్‌కు అనుమతి ఉన్న విమానం, తోడు శిక్షకుడు, చాలినంత ఎత్తు, కింద ఖాళీ ఆకాశం ఉన్నాయని చూసుకున్నాక థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే మీట) పూర్తిగా వెనక్కి తీయండి. ఎత్తు తగ్గకుండా స్టిక్‌ను (ముక్కును ఎత్తి దించే చేతికర్రను) కొద్దికొద్దిగా లాగండి. స్టాల్ వేగానికి కొద్ది నాట్ల (వేగం కొలమానం) ముందు, తిరగాలనుకున్న వైపు రడ్డర్‌ను చివరిదాకా తొక్కి, వెంటనే స్టిక్‌ను పూర్తిగా లాగి పట్టండి. బాగా ముందే తొక్కితే విమానం విసురుగా దొర్లుతుంది. ఆలస్యమైతే ముక్కు ఊరికే వాలిపోతుంది, నాకు జరిగింది అదే. ఐలరాన్లు (స్టిక్‌ను పక్కలకు కదిపితే కదిలే రెక్కల పలకలు) మధ్యలోనే ఉండాలి. వాలిన రెక్కను లేపాలని చెయ్యి దానంతటదే పక్కకు పోతుంది. అందుకే నేను బెల్టు బకిల్‌కు గురిపెట్టి లాగుతాను.

బయటికి రావడానికి మీ విమానం మాన్యువల్‌లోని క్రమమే ప్రమాణం. సాధారణంగా థ్రాటిల్ వెనక్కి, ఐలరాన్లు మధ్యకు, ఎదురు రడ్డర్ పూర్తిగా, ఆపై స్టిక్ ముందుకు. తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యకు తెచ్చి, డైవ్ నుంచి మెల్లగా లేవాలి. ఒకసారి నేను కాలు తీయడం మరిచాను. విమానం రెండో వైపు తిరగబోయింది.