కనుమకి పెంచిన జీవాన్ని కోసే ముందు: ఇప్పటినుంచే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

డిసెంబరు నడుస్తోంది. పెరట్లో పొట్టేలుకి ఒళ్లొచ్చింది, పుంజుకి రంగు తేలింది. ఇంకో నెలకి కనుమ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఈ జీవాలు పండక్కనే పెరుగుతున్నాయి. ఇంట్లో పెంచినదాన్ని ఇంట్లోనే కోసుకోవడం తప్పని నేను అనను. ఏం తిన్నదో, ఎట్లా బతికిందో మనకి తెలిసిన జీవాన్ని తినడంలో, ఇరుకు షెడ్డులో పెరిగిన కోడిని కేజీల లెక్కన కొనుక్కోవడం కన్నా నిజాయితీ ఉందనే నా నమ్మకం. కానీ ఆ మాట అనే హక్కు ఊరికే రాదు. మన చేతి మేత తిని, మన అడుగుల చప్పుడు వినగానే లేచి నిలబడే ప్రాణి అది. ఆఖరి రోజున దానికి భయం, నొప్పి వీలైనంత తక్కువగా ఉండేట్టు చూడాల్సింది పెంచినవాళ్లే. ఆ ఏర్పాట్లన్నీ కనుమ పొద్దున చేద్దామంటే కుదరవు.

ఆవులు, ఎద్దుల సంగతి ఇందులోకి రాదు. వాటికి 1977 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది. నేను చెప్పేది కోడి, మేక, గొర్రె గురించే.

మందు వేసిన తేదీ చూసుకోండి

మనవైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తడికి గిట్టలు చెడి కుంటడం, కడుపులో నట్టలు, నీలినాలుక, అన్నీ ఈ నెలల్లోనే వస్తాయి. అందుకే నట్టల మందు తాగించేదీ, యాంటీబయాటిక్ సూది వేయించేదీ సరిగ్గా ఇప్పుడే. పండగేమో జనవరి నడుమ. అంటే మందుకీ కోతకీ మధ్య మిగిలేది కొద్ది వారాలే. ఏ మందైనా ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి ఇన్ని రోజులని ఒక గడువు ఉంటుంది. కొన్నిటికి వారం పది రోజులు చాలు, ఎక్కువ కాలం పనిచేసే సూదులకి నెల వరకూ పడుతుంది. ఆ గడువు లోపల కోస్తే మందు మాంసంలోనే ఉంటుంది, అది పిల్లల కంచంలోకి వస్తుంది. సీసా మీదా పెట్టె మీదా ఆ గడువు రాసి ఉంటుంది. అర్థం కాకపోతే సూది వేసినాయన్నే అడగండి: "అయ్యా, దీన్ని కనుమకి కోద్దామనుకుంటున్నాం, ఈ మందు వేస్తే సరిపోతుందా?" ముందే చెబితే గడువు తక్కువున్న మందు చూసి వేస్తారు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటుంది. పండక్కి మాంసం పాడవుతుందని, కుంటుతున్న పొట్టేలుకి మందు మానేసి అట్లాగే ఉంచేవాళ్లున్నారు. నెల రోజులు దాన్ని నొప్పితో నిలబెట్టి ఆ తర్వాత కోసుకోవడం నాకు ఏ లెక్కలోనూ సబబుగా కనిపించదు. మందు వేయించండి, గడువు దాటేదాకా కోత వాయిదా వేయండి. పండక్కి అంగట్లో మాంసం తెచ్చుకోండి.

జబ్బు చేసినదాన్ని తినేయకండి

కోళ్లకి తెగులు తగిలిందంటే చచ్చేలోపు కోసుకు తినేయడం మన ఊళ్లలో పాత అలవాటు. మెడ మెలితిప్పుకుని, పచ్చటి పారుడు పారుతూ కోళ్లు వరసగా కూలిపోతుంటే చాలామంది కొక్కెర తెగులు (రాణీఖెత్) అనుకుంటారు. కావచ్చు. కానీ చలికాలంలో బర్డ్ ఫ్లూ కూడా వస్తుంది, కంటితో చూసి రెండిటికీ తేడా చెప్పలేం. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో అది బయటపడింది. బాగా ఉడికిన మాంసంతో ఈ వైరస్ రాదు. ప్రమాదమంతా జబ్బు కోడిని పట్టుకోవడంలో, ఈకలు పీకడంలో, పేగులు తీయడంలో ఉంది. ఆ పని చేసేది మన ఇంటి ఆడవాళ్లు. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో నాలుగైదు కోళ్లు పోతే మిగతావాటి మీద కత్తి పెట్టకండి, పొరుగువాళ్లకి పంచకండి, సంతకి తీసుకుపోకండి. పశువుల డాక్టరుకి చెప్పండి. కొక్కెరకి టీకా ఉంది, చవక కూడా. ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేయించాలి.

జీవాల్లో ఇంకా భయపడాల్సింది దొమ్మ రోగం (ఆంత్రాక్స్). నిన్న సాయంత్రం దాకా మేసిన గొర్రె పొద్దునకి చచ్చి పడి ఉంటుంది. ముక్కులోంచో వెనకనుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటుంది. దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, ఈడ్చుకుపోకూడదు. కోస్తే గాలి తగిలి ఆ క్రిమి స్పోర్లుగా మారి మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. కోసినవాళ్ల చేతుల మీద పుండ్లు లేస్తాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. చిటుకు రోగంతో కూడా జీవాలు అట్లాగే ఉన్నట్టుండి పడిపోతాయి, ఏది ఏమిటో తేల్చడం మన పని కాదు. తనంతట తాను చచ్చిన జీవాన్ని వేస్ట్ ఎందుకని పోగులేసుకోవడం ఎవరు చేసినా ఆపండి. డాక్టరు చూశాక లోతుగా గుంట తీసి, సున్నం వేసి పూడ్చాలి.

పిల్లలకి ముందే చెప్పండి

మొక్కుబడి పొట్టేలైనా పండగ పొట్టేలైనా, పిల్లలు దానికి ఒక పేరు పెట్టేస్తారు. నెల్లూరు జోడిపి జాతి గొర్రెపిల్లని చూశారా? తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్ల మచ్చలు. దానికి పేరు పెట్టకుండా ఏ పిల్లాడూ ఉండలేడు. పెట్టనివ్వండి. కానీ అది ఎందుకు పెరుగుతోందో దాచకండి. పండగ రోజు పిల్లల్ని అమ్మమ్మ ఊరికి పంపించి, తిరిగొచ్చాక "తప్పిపోయింది నాయనా" అని చెప్పి, ఆ కూరే కంచంలో వడ్డించే ఇళ్లున్నాయి. ఎప్పటికైనా ఆ బిడ్డకి తెలుస్తుంది. పొట్టేలు పోయిందన్న దుఃఖం కన్నా మనవాళ్లే మోసం చేశారన్న బాధ పెద్దది. వద్దని గట్టిగా ఏడిస్తే, ఆ మాటకి విలువ ఇవ్వాలని నేనంటాను. అయితే ఆ నిర్ణయం డిసెంబరులోనే జరగాలి. పొట్టేలుని ఉంచేస్తారా, ఇంకొకరికి అమ్మేస్తారా, తెగేసి చెప్పండి. చూస్తానన్న పిల్లాడిని తరమొద్దు, చూడలేనన్నవాడిని "మగపిల్లాడివి కాదా" అని నిలబెట్టొద్దు, తిననంటే బలవంతం చేయొద్దు.

కొందరు మనసొప్పక ఎదురింటివాళ్లతో పొట్టేలుని మార్చుకుంటారు. నేను దాన్ని తప్పుపట్టను. కాకపోతే మన జీవం ఆ ఇంట్లో ఎట్లా పోతుందో కనుక్కోవాల్సిన బాధ్యత మాత్రం మనదే.

కోసే మనిషి, కత్తి, చోటు

మన ఊళ్లలో చాలా ఇళ్లకి సాయిబుగారే వచ్చి కోసిపెడతారు. చెయ్యి తిరిగిన మనిషి రావడమే మంచిది. కొత్తగా నేర్చుకునేవాడికి కనుమ రోజు సమయం కాదు. ఇబ్బందల్లా ఆ రోజు ఆయనకి ఊరంతా పిలుపులే. పదో ఇంటికి వచ్చేసరికి కత్తి మొద్దుబారుతుంది, చెయ్యి అలుస్తుంది, తొందర పెరుగుతుంది. ఇప్పుడే మాట్లాడి తెల్లవారుజామున మొదటి ఇల్లు మీదయ్యేట్టు చూసుకోండి. లేకపోతే ముందురోజు కోయించుకుని మాంసం ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇంట్లో ఒక కత్తిని సానపట్టించి ఉంచండి. గాల్లో పట్టుకున్న కాగితాన్ని ఆనించగానే కోసుకుపోవాలి, అంత పదును ఉండాలి. మెడ వెడల్పుకి రెండింతల పొడవు బాకు ఉంటే ఒక్క లాగుడుతో తెగుతుంది. రెండు పక్కల పెద్ద రక్తనాళాలూ ఒకేసారి తెగితే కొన్ని సెకన్లలోనే జీవానికి స్పృహ పోతుంది. మొద్దు కత్తితో రంపం లాగినట్టు కోస్తే అదంతా నరకం. నా మాట నమ్మండి, ఈ పనిలో దయ అంతా కత్తి పదునులోనే ఉంది.

ముందురోజు రాత్రినుంచి మేత ఆపండి, పన్నెండు గంటలు చాలు. నీళ్లు మాత్రం ఆపొద్దు. ఆఖరి మేత అని ప్రేమకొద్దీ గంప నిండా పెడతారు గానీ, పొట్ట నిండుగా ఉంటే కోసేటప్పుడు పేగు తెగి పేడ మాంసానికి అంటుతుంది.

గొర్రె ఒంటరిగా ఉండలేదు. మందనుంచి విడదీస్తే చాలు అరుస్తుంది, ఊపిరి ఎగబీలుస్తుంది. అట్లాగని మిగతా వాటి కళ్లెదుట కోయకూడదు. దీనికి ఉపాయం ఉంది. జతగా తిరిగేదాన్ని కూడా గోడ దాకా తోలుకురండి, ఆఖరి నిమిషంలో ఒకదాన్ని గోడ అవతలికి తీసుకుపోండి. రోజూ మేత వేసే మనిషే తీసుకుపోవాలి. చెవులు పట్టి, కొమ్ములు పట్టి ఈడ్చుకురావడం వద్దు. భయంతో పెనుగులాడిన జీవం ఒంట్లో శక్తి అంతా ఖర్చైపోతుంది, అప్పుడు మాంసం నల్లబడి తొందరగా చెడుతుంది. రెండోదాన్ని తెచ్చే ముందు రక్తం కడిగేయండి.

తెగిన తర్వాత కాళ్లు కొట్టుకోవడం చూసి టెన్షన్ పడతారు. అది నరాల కదలిక. చూడాల్సింది కన్ను. కనుగుడ్డు మీద వేలికొసతో మెల్లగా తాకండి. రెప్ప అదిరితే ప్రాణం ఇంకా ఉన్నట్టే, ఆగండి. కదలిక పూర్తిగా పోయాకే తోలు మీద కత్తి పెట్టాలి. ఎంత అర్జెంటైనా ఇది తప్పకూడదు.

కోడిని రాత్రే గూట్లోంచి తీసి గంప కింద ఉంచితే పొద్దున వెంటపడి తరమాల్సిన పని ఉండదు. కాళ్లు కట్టి బండి హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడేసుకుని పోవడం మానండి, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద అది నేరం కూడా. కోసి నేల మీదికి విసిరేయకుండా, రెక్కలు ఒడిసి పట్టుకుని నెత్తురంతా కారనివ్వండి. కదలిక పూర్తిగా ఆగిపోయాకే వేడినీళ్లలో ముంచడమైనా, పసుపు రాసి కాల్చడమైనా.

చట్టం ఏమంటుంది

పల్లెల్లో ఇంటి దగ్గర కోసుకున్నట్టు నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల్లో కుదరదు. 2001 నాటి కబేళా నియమాల ప్రకారం మున్సిపాలిటీ పరిధిలో మేకనైనా గొర్రెనైనా గుర్తింపు ఉన్న కబేళాలోనే కోయాలి. చూడిదాన్ని, మూడు నెలలు నిండని పిల్లని, మూడు నెలల్లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదని అవే నియమాలు చెబుతాయి. పల్లెలో ఎవరూ అడగకపోయినా ఈ మూడూ పాటించాల్సినవే. ఆడదాన్ని కోసే ఆలోచన ఉంటే చూడి పరీక్ష చేయించండి. గుడి ఆవరణలో, ఊరేగింపులో బలి ఇవ్వడాన్ని 1950 నాటి చట్టం నిషేధించింది.

కోశాక

కాలేయం, ఊపిరితిత్తులు వెలుతురులో పెట్టి చూడండి. నీళ్లు నిండిన తిత్తులు కనిపిస్తే ఆ భాగాన్ని కుక్కకి వేయొద్దు. ఇది చాలామందికి తెలియని ప్రమాదం. ఆ తిత్తుల్లోని పురుగు కుక్క కడుపులో పెరుగుతుంది, దాని గుడ్లు కుక్క పేడతో బయటికొచ్చి మన చేతికి అంటుతాయి, నోట్లోకి పోయి చివరికి మనిషి కాలేయంలో తిత్తిగా తయారవుతాయి. పండగ రోజు వీధి కుక్కలకి పేగులు విసరడం దయ అనిపిస్తుంది గానీ, గుంట తీసి పూడ్చడమే క్షేమం. జనవరిలో కూడా మనవైపు మధ్యాహ్నం ఎండ గట్టిగానే ఉంటుంది. పోగులు ప్లాస్టిక్ కవర్లలో గంటల తరబడి వసారాలో పెట్టకండి, రెండు గంటల్లోపు పొయ్యి మీదికో ఫ్రిజ్‌లోకో పోవాలి.

కనుమ పొద్దున జీవం నీళ్లు ముట్టకపోయినా, నెమరు వేయకపోయినా, ఒళ్లు కాలుతున్నా కోత ఆపేయండి. చుట్టాలు వచ్చి కూర్చున్నా సరే. నీడన కట్టేసి రైతు సేవా కేంద్రంలో పశు సహాయకులకి కబురు పెట్టండి. పండగపూట వాళ్లు అందుబాటులో లేకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.