మొక్కల వేళ్లలోని సహజీవనాన్ని పరిశోధించే శాస్త్రవేత్త సైటేషన్లను (పేపర్లలో వచ్చే ఉదహరింపులను) ఎలా చదవాలి

ముందు పేరు తేల్చుకోండి. మనవాళ్ల ఇంటిపేరు ఒక పేపర్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా పడుతుంది. పరిశోధన పేపర్లను వెతికే గూగుల్ స్కాలర్ ఇద్దరు రావులను ఒకే ప్రొఫైల్లో కలిపేయగలదు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) నంబరుతో సరిచూడండి.

తర్వాత హెచ్-ఇండెక్స్. ఒక్కోదానికి కనీసం N సైటేషన్లున్న పేపర్లు N ఉంటే, అలాంటి అతిపెద్ద N అదే. పేపర్లను సైటేషన్లు ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దాని వరకు పేర్చండి. 50, 22, 9, 4, 3 అయితే, నాలుగోదానికి 4 ఉన్నాయి, ఐదోదానికి 5 లేవు. కాబట్టి ఇండెక్స్ 4. మొదటిదానికి 50 బదులు 5,000 వచ్చినా అది కదలదు. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన ఈ కొలతలో నాకు నచ్చనిది అదే.

అసలు పని ఇక్కడుంది: ఎందుకు ఉదహరించారు? ఫిలిప్స్, హేమన్ 1970 నాటి పేపరు వేళ్లలో మైకోరైజాకు (వేళ్లతో సహజీవనం చేసే శిలీంధ్రానికి) రంగు ఎక్కించే పద్ధతి చెబుతుంది. వేళ్లను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి, ట్రిపాన్ బ్లూ అనే రంగు పట్టించేవాళ్లు ఇప్పటికీ దాన్నే ఉదహరిస్తారు. అంటే పద్ధతి పనికొచ్చిందని, కొత్త సిద్ధాంతం నిలిచిందని కాదు. ఇతరుల పరిశోధనలను ఒకచోట చేర్చి చెప్పే సమీక్షా వ్యాసాలనూ విడిగా లెక్కేయండి. అవి సైటేషన్లను ఇట్టే పోగేస్తాయి.

సొంత సైటేషన్లను (తన పేపర్లను తానే ఉదహరించుకున్నవాటిని) సైటేషన్ల డేటాబేస్ స్కోపస్‌లో తీసేసి చూడొచ్చు. స్కాలర్ థీసిస్‌లనూ లెక్కేస్తుంది కాబట్టి స్కోపస్, స్కాలర్ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.