కొండ గడ్డిని గుర్తుపడదాం – 3: చీపురు దుబ్బు దగ్గర

పోయిన పాఠంలో తుంగనీ గడ్డినీ విడదీశాం. కాడను వేళ్ళ మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగిలేది తుంగ. ఈసారి చీపుర్లు కట్టే కొండచీపురు గడ్డి కోసం శ్రీకాకుళం జిల్లా మందస వైపు కొండ వాలు ఎక్కుదాం. కంకి లేదని వెనక్కి రాకండి. కొండచీపురు పూత చలికాలంలో గానీ రాదు, మనకిప్పుడు ఆకు చాలు.

దూరం నుంచి దీన్ని వెదురు మొక్క అనుకుంటారు. మొదటి ఏడాది నేనూ నోట్‌బుక్కులో వెదురనే రాసేశాను! దగ్గరికెళ్ళి ఆకు మొదలు చూడండి. వెదురాకు మొదట్లో సన్నటి తొడిమలా నొక్కుకుపోయి ఉంటుంది. చీపురాకుకి ఆ తొడిమ ఉండదు. వెడల్పుగా, తమలపాకు అడుగులా గుండ్రంగా విచ్చుకుని కాడను పట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ ఆకును మెల్లగా వెనక్కి వంచండి. కాడను చుట్టుకున్న ఒర, ఆకు కలిసేచోట లోపలివైపు చిన్న పొర కనిపిస్తుంది. దాన్ని నాలుక అంటాం. ఇందులో అది చాలా పొట్టి, ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే తెలుస్తుంది. కాడ కోస్తే వరి గడ్డిలా బోలుగా ఉండదు, లోపలంతా నిండుగా ఉంటుంది. అయితే చేతికర్రలకు కొట్టే వెదురూ దాదాపు అంతే, కాబట్టి కాడనొక్కదాన్నే నమ్మొద్దు.

ఏళ్ళ తరబడి బతికే గడ్డి అని ఎలా తెలుస్తుంది? దుబ్బు మొదట్లో చెయ్యి పెట్టండి. నిరుడు కోసిన ఎండు మోళ్ళు, వాటి పక్కనే కొత్త పిలకలు తగులుతాయి. ఇది చూద్దామని నేనొకసారి దుబ్బునే పెకలించాను. కట్టెలమోపుతో దిగుతున్న ఒక పెద్దావిడ ఆగి, "ఒక్క పుల్ల సాలదేటి బాబూ, దుబ్బంతా పీకీసినావు?" అంది. చీపురు కోసేవాళ్ళకి అదే దుబ్బు మళ్ళీ ఏడాది పంట మరి.

నిమ్మగడ్డి జాతులకు ఇంత శ్రమ అక్కర్లేదు, ఆకు నలిపి వాసన చూస్తే సరి. కాకపోతే అన్నీ నిమ్మ వాసనే వెయ్యవు. పామరోజా గడ్డిది గులాబీని తలపించే వాసన.

ఈ వారం పని: రెండు దుబ్బుల నుంచి ఒక్కో కాడ, ఒరతో సహా కోసి, పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు వెయ్యండి. నాలుక పైకి కనిపించేలా ఆకు మడవడం మరిచిపోకండి. అరచేతులు జాగ్రత్త, చీపురాకు అంచు కోసేస్తుంది. వచ్చే పాఠంలో పంచెకి గుచ్చుకునే ముళ్ళ గడ్డి సంగతి చూద్దాం.